1860ల నాటి లీవర్ రైఫిల్‌కు 2020ల్లో గిరాకీ ఎందుకు?

క్లుప్తంగా: లీవర్ యాక్షన్ రైఫిల్ (ట్రిగ్గర్ దగ్గరి లీవర్‌ను కిందికి, పైకి ఆడించి కొత్త తూటా ఎక్కించే తుపాకీ) ఇప్పటికీ అమ్ముడవడానికి పాత కౌబాయ్ సినిమాల మోజు ఒక్కటే కారణం కాదు. బ్యారెల్ కింద గొట్టంలో తూటాలు పేర్చాలన్న ఒక్క నిర్ణయం నుంచే దీని సుగుణాలూ లోపాలూ రెండూ పుట్టాయి. దట్టమైన అడవిలో 100 గజాల లోపు వేటకు ఆ లోపాలు అడ్డం రావు. అమెరికా రాష్ట్రాల్లో, బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో సెమీ ఆటోమేటిక్ తుపాకుల (ప్రతి కాల్పు తర్వాత తమంతట తామే మరో తూటా ఎక్కించుకునే వాటి) మీద ఆంక్షలు పెట్టిన ప్రతిసారీ దీనికి కొత్తగా చోటు దొరుకుతోంది. భారత్‌లో మాత్రం ఇది దాదాపు పాత లైసెన్సుల మీద మిగిలిన వస్తువు.

2020 సెప్టెంబరులో దివాలా తీసిన తుపాకుల కంపెనీ రెమింగ్టన్ ఆస్తులను వేలం వేసినప్పుడు రూగర్ సంస్థ సుమారు 3 కోట్ల డాలర్లకు మార్లిన్ బ్రాండును కొనుక్కుంది. 2021 చివరికల్లా నార్త్ కరోలినాలోని మేయోడన్ ప్లాంటు నుంచి కొత్త మార్లిన్ లీవర్ రైఫిళ్లు బయటికి వచ్చాయి. 2024లో స్మిత్ అండ్ వెసన్ 'మోడల్ 1854' అనే లీవర్ రైఫిల్‌ను విడుదల చేసింది. ఆ సంస్థను స్థాపించిన ఇద్దరూ 1854లో లీవర్ పిస్టల్‌కు పేటెంటు పొంది, ఏడాది రెండేళ్లలోనే ఆ వ్యాపారాన్ని వదిలించుకున్నారు. అప్పుడు వదిలిన దాన్నే 170 ఏళ్ల తర్వాత మళ్లీ పట్టుకోవడం చిన్న సంగతి కాదు.

లెక్క ప్రకారం చూస్తే ఈ రైఫిల్ ఎప్పుడో మూలపడాలి. వేగంలో సెమీ ఆటోమేటిక్‌కు సాటి రాదు. గురిలో బోల్ట్ యాక్షన్ (పక్కనున్న పిడిని చేత్తో లాగి తోసే రకం) దీన్ని సులభంగా మించుతుంది. చౌక బోల్ట్ రైఫిళ్లతో పోలిస్తే దీని ధర కూడా ఎక్కువే. అయినా ఎందుకు కొంటున్నారో తెలియాలంటే ముందు లోపల ఏం జరుగుతుందో చూడాలి.

లీవర్ కిందికి, పైకి: మధ్యలో జరిగేది

చేతి వేళ్లు పట్టే లీవర్, ట్రిగ్గర్ గార్డు రెండూ ఒకే ముక్క. వించెస్టర్ మోడల్ 1894ను ఉదాహరణగా తీసుకుంటే, లీవర్‌ను కిందికి నొక్కగానే బోల్ట్ (బ్యారెల్‌ను వెనక నుంచి మూసే ముక్క) వెనక నిలువుగా అడ్డం ఉన్న లాకింగ్ దిమ్మ జారి కిందికి దిగుతుంది. దానితో బోల్ట్ విడుదలై వెనక్కి కదులుతుంది. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కాలిన తూటా ఖాళీ తొడుగును ఛాంబర్ (బ్యారెల్ వెనక చివర తూటా కూర్చునే గూడు) నుంచి లాగుతుంది, ఎజెక్టర్ దాన్ని బయటికి తన్నేస్తుంది. వెనక్కి వచ్చిన బోల్ట్ హ్యామర్‌ను (తూటాను పేల్చే సుత్తిని) తొక్కి ఎక్కుపెడుతుంది. లీవర్ ప్రయాణం చివర్లో క్యారియర్ (తూటాను ఎత్తే పలక) పైకి లేచి, మ్యాగజైన్ (తూటాలు నిల్వ ఉండే గొట్టం) నుంచి వచ్చిన కొత్త తూటాను ఛాంబర్ ఎదుట నిలబెడుతుంది. లీవర్ పైకి మూసేటప్పుడు బోల్ట్ ఆ తూటాను లోపలికి తోస్తుంది, దిమ్మ మళ్లీ లేచి బోల్ట్‌కు వెనక తాళం వేస్తుంది.

ఇందులో గమనించాల్సింది కుడిచెయ్యి బట్‌ను (భుజానికి ఆనే చెక్కను) దాదాపు వదలకపోవడం. బోల్ట్ రైఫిల్‌లో ప్రతి కాల్పు తర్వాత చెయ్యి తీసి, పిడి ఎత్తి, లాగి, తోసి, దింపి మళ్లీ ట్రిగ్గర్ దగ్గరికి రావాలి. లీవర్‌తో అయితే తుపాకీ భుజం మీదే ఉంటుంది, కన్ను గురి మీదే ఉంటుంది. ఎడమచేతి వాటం వారికి కూడా ఇది ఒకేలా పనిచేస్తుంది. తూటాలు నింపే గేటు కుడిపక్కన ఉండటం ఒక్కటే వారికి కాస్త ఇబ్బంది.

తయారీదారుల మధ్య తేడాలు కూడా ఈ తాళం దగ్గరే మొదలవుతాయి. 1860 నాటి హెన్రీ, వించెస్టర్ 1866, 1873 మోడళ్లలో దిమ్మ లేదు. మోచేయిలా మడిచి చాచే జంట లింకులు బోల్ట్‌ను ఆపి ఉంచేవి. నడక చాలా మృదువుగా ఉంటుంది గానీ ఎక్కువ ఒత్తిడికి తట్టుకోదు. అందుకే అవి పిస్టల్ స్థాయి తూటాలకే పరిమితమయ్యాయి. 1886 మోడల్‌కు తుపాకుల రూపకర్త జాన్ మోజెస్ బ్రౌనింగ్ నిలువు తాళాలు పెట్టాకే .45-70 వంటి భారీ తూటాలను ఈ యంత్రం మోయగలిగింది. మార్లిన్ 1889 నుంచి రిసీవర్ (ఈ యంత్రమంతా ఇమిడే ఉక్కు పెట్టె) పైభాగాన్ని మూసేసి, ఖాళీ తొడుగు పక్క నుంచి బయటపడేలా చేసింది. అప్పట్లో అది వానా దుమ్మూ లోపలికి పోకుండా చేసిన ఏర్పాటు. టెలిస్కోప్‌లు వాడుకలోకి వచ్చాక మార్లిన్ అమ్మకాలకు అదే పెద్ద బలమైంది. పైనుంచి తొడుగు ఎగిరే వించెస్టర్ మీద స్కోప్ నడిమధ్యన బిగించడం కుదరదు. 1980ల మొదట్లో తొడుగు కుడివైపు ఏటవాలుగా పడేలా వించెస్టర్ కూడా మార్చుకుంది.

అన్నిటికీ మూలం ఆ గొట్టమే

బ్యారెల్ కింద, దానికి సమాంతరంగా ఒక సన్నని గొట్టం. అందులో స్ప్రింగ్, దాని ముందు ఒక ఫాలోయర్, తూటాలు రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. హెన్రీ రైఫిల్ గొట్టంలో 16 తూటాలు పట్టేవి. బ్యారెల్ మొన నుంచి దట్టించి నింపే ఒంటి తూటా తుపాకులే ఎక్కువగా ఉన్న 1860ల అమెరికా అంతర్యుద్ధ కాలంలో అది ఊహకందని సంఖ్య. కానీ దాన్ని ముందు వైపు నుంచి నింపాలి, గొట్టం కింద పొడవునా తెరిచి ఉన్న చీలికలోకి మట్టి చేరేది. 1866 మోడల్‌లో నెల్సన్ కింగ్ రూపొందించిన లోడింగ్ గేటు రిసీవర్ పక్కన చేరాక రెండు ఇబ్బందులూ పోయాయి. రెండు గుళ్లు కాల్చి, మళ్లీ రెండు తూటాలు తోసి నింపుకోవచ్చు. తుపాకీ తెరవక్కర్లేదు, లోపల ఉన్నవి తీయక్కర్లేదు.

గొట్టం వల్ల కింద వేలాడే మ్యాగజైన్ పెట్టె అక్కర్లేదు, పక్కకు పొడుచుకొచ్చే బోల్ట్ పిడి లేదు. రిసీవర్ పలకలా సన్నగా ఉంటుంది. 20 అంగుళాల బ్యారెల్ ఉన్న వించెస్టర్ 94 బరువు సుమారు 3 కిలోలు. రిసీవర్ దగ్గరే ఒంటిచేత్తో పట్టుకుంటే సమతూకంగా నిలుస్తుంది. గుర్రం జీను పక్కన తోలు ఒరలోకి ఇది అంత తేలిగ్గా దూరడానికి కారణమూ ఇదే. నేడు పికప్ ట్రక్కు సీటు వెనక ఇమడటానికి కారణమూ ఇదే. రోజంతా మోసి ఒకే ఒక్కసారి కాల్చే వేటగాడికి రైఫిల్ మోత ఎలా ఉందన్నదే ముఖ్యం. తూనికలో రాని ఈ గుణాన్ని గురి పట్టికలు పట్టించుకోవు.

అదే గొట్టం వసూలు చేసే మూల్యం కూడా తక్కువేం కాదు. వెనక తూటా ముక్కు ముందు తూటా ప్రైమర్‌కు (తూటా అడుగున, కొడితే మందును అంటించే చిన్న మూతకు) ఆని ఉంటుంది. మొన తేలిన బుల్లెట్ వాడితే తుపాకీ తన్నిన అదురుకు ఆ మొన ప్రైమర్‌ను పొడిచి గొట్టంలోనే పేలుడు జరగవచ్చు. కాబట్టి సెంటర్‌ఫైర్ (ప్రైమర్ అడుగు మధ్యలో ఉండే తూటాల) గొట్టం రైఫిళ్లలో చదును ముక్కు బుల్లెట్లే వాడాలి. చదును ముక్కుకు గాలి ఎక్కువ అడ్డుపడుతుంది, వేగం త్వరగా పోతుంది, దూరంలో గుండు బాగా కిందికి దిగుతుంది. మొనదేలిన బుల్లెట్ తప్పనిసరైతే ఛాంబర్‌లో ఒకటి, గొట్టంలో ఒకటి మించి పెట్టకూడదన్నది పాత నియమం.

మరో సంగతి: గొట్టం, బ్యారెల్, ముందు చెక్క మూడూ పట్టీలతో కలిపి బిగించి ఉంటాయి. సన్నని బ్యారెల్ వేడెక్కి సాగుతుంటే పట్టీలు దాన్ని ఒకవైపు లాగుతాయి. మొదటి రెండు మూడు గుళ్లు ఒకచోట పడి, ఆ తర్వాతివి పైకో పక్కకో జరగడం అందుకే. తుపాకీ పాడైందని అనుకుని సైట్లు తిప్పేసే కొత్తవారు ఎక్కువ. మూడు గుళ్లు కాల్చి, బ్యారెల్ చల్లారనిచ్చి, మళ్లీ మూడు కాల్చి చూస్తేనే అసలు గురి తెలుస్తుంది.

సైన్యాలు వద్దన్నాయి, వేటగాళ్లు ఉంచుకున్నారు

1877లో ప్లెవ్నా (నేటి బల్గేరియాలో ఉంది) ముట్టడిలో ఒట్టోమన్ సైనికులు దూరానికి పీబాడీ-మార్టినీ రైఫిళ్లను, రష్యన్లు దగ్గరికొచ్చాక వించెస్టర్ 1866లను వాడారు. రష్యా సేనకు ఘోరమైన నష్టం జరిగింది. ఆ తర్వాత కూడా పెద్ద సైన్యాలు లీవర్ వైపు మొగ్గలేదు. నేల మీద బోర్లా పడుకుని కాల్చేటప్పుడు లీవర్ కిందికి తెరవడానికి చోటు ఉండదు. గొట్టంలోకి తూటాలు ఒక్కొక్కటిగా తోయాలి, అదే బోల్ట్ రైఫిల్‌లో క్లిప్‌తో ఐదు ఒకేసారి దిగుతాయి. పొగలేని మందుతో కూడిన మొనదేలిన బుల్లెట్లు వచ్చాక గొట్టం పనికిరాకుండా పోయింది.

మినహాయింపు వించెస్టర్ 1895. బ్రౌనింగ్ ఇందులో గొట్టం తీసేసి కింద పెట్టె మ్యాగజైన్ అమర్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో రైఫిళ్ల కొరతతో అల్లాడిన రష్యా దాదాపు 3 లక్షల 1895లను తన 7.62x54 తూటాకు సరిపోయేలా చేయించుకుంది. ఇదే మోడల్ .405 తూటాతో థియోడోర్ రూజ్‌వెల్ట్ 1909 ఆఫ్రికా వేటకు వెళ్లింది. దక్షిణ భారత అడవులతోనూ దానికి సంబంధం ఉంది. బెంగళూరుకు చెందిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ నరభక్షక పులుల వెంట చిత్తూరు వైపు అడవుల్లో తిరిగినప్పుడు చేతిలో ఉన్నది .405 వించెస్టర్ 1895.

ఇదే దారిలో సావేజ్ మోడల్ 99 తిరిగే రోటరీ మ్యాగజైన్‌తో, తర్వాతి కాలంలో బ్రౌనింగ్ బీఎల్‌ఆర్ పెట్టె మ్యాగజైన్‌తో మొనదేలిన బుల్లెట్ సమస్యను తప్పించాయి. కాగితం మీద రెండూ మెరుగైన రైఫిళ్లే. అయినా లీవర్ రైఫిల్ అనగానే కొనేవారు వెతికేది గొట్టం ఉన్నదాన్నే.

.30-30: చాలినంత శక్తి, అంతకు మించి అక్కర్లేని అడవి

మోడల్ 1894 మొదట పాత తరహా నల్ల గన్‌పౌడర్ తూటాలతో వచ్చింది. మరుసటి ఏడాది, 1895లో, పొగలేని మందు నింపిన .30-30 చేరింది. ఆ జోడీ ఎంత నిలిచిందంటే 94 మోడల్ మొత్తం 70 లక్షలు దాటి తయారైంది. దీనికి పోటీగా 1948లో వచ్చిన మార్లిన్ 336 కూడా అదే తూటా మీద బతికింది.

.30-30లో 170 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ సెకనుకు సుమారు 2,200 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. 150 గ్రెయిన్లది 2,390 అడుగులతో. .308 లో 150 గ్రెయిన్ల బుల్లెట్ వేగం 2,800 అడుగులు దాటుతుంది. గురిని 100 గజాలకు సరిచేస్తే .30-30 చదును ముక్కు గుండు 200 గజాల దగ్గర 8 అంగుళాల వరకు దిగుతుంది, .308 అందులో సుమారు సగమే దిగుతుంది. గడ్డి మైదానాల్లో, కొండలోయల మీదుగా కాల్చేవారికి ఈ తేడా నిర్ణయాత్మకం. పెన్సిల్వేనియా, మెయిన్, మిషిగన్ ఉత్తర భాగం వంటి దట్టమైన అడవుల్లో తెల్లతోక జింక కనబడేదే 50, 80 గజాల్లో. అక్కడ .308 అదనపు శక్తికి పని ఉండదు, దాని తన్ను మాత్రం భుజానికి తగులుతుంది. తక్కువ తన్నుతో కాల్చే వారు ట్రిగ్గర్‌ను అదరకుండా నొక్కగలరు. గురి తప్పడంలో ఎక్కువ పాలు తుపాకీది కాదు, అదిరే భుజానిదే.

2000ల మధ్యలో హార్నడీ సంస్థ మెత్తని రబ్బరు లాంటి మొన ఉన్న బుల్లెట్‌ను తెచ్చింది. మొన ప్రైమర్‌ను పొడవదు, గాలిలో మాత్రం మొనదేలిన బుల్లెట్‌లా సాగుతుంది. 160 గ్రెయిన్ల ఆ బుల్లెట్‌తో గురిని 100 గజాల దగ్గర 3 అంగుళాలు పైకి పెడితే 200 గజాల దగ్గర దాదాపు గురి మీదే పడుతుంది, 300 గజాలకు అడుగు దిగుతుంది. గొట్టం పెట్టిన పాత హద్దు దీనితో 50, 75 గజాలు ముందుకు జరిగింది. 250 గజాలు దాటాక మాత్రం లీవర్ రైఫిల్ మీద భరోసా పెట్టుకోవడం జంతువుకు అన్యాయమే.

పిస్టల్ తూటాలు, పోటీల గోల

.357 మ్యాగ్నమ్ తూటా రివాల్వర్ కోసం పుట్టింది. 4 అంగుళాల రివాల్వర్‌లో 158 గ్రెయిన్ల గుండు సెకనుకు 1,235 అడుగులు పోతే, 16-18 అంగుళాల లీవర్ కార్బైన్‌లో అదే గుండు 1,800 అడుగుల చుట్టుపక్కలకు చేరుతుంది. పొడవు బ్యారెల్‌లో మందు పూర్తిగా కాలడానికి సమయం దొరకడమే కారణం. అదే తుపాకీలో .38 స్పెషల్ వేస్తే చప్పుడూ తక్కువ, ఖర్చూ తక్కువ. సాధనకు ఒకటి, వేటకు ఒకటి, రెండూ ఒకే బ్యారెల్‌లో.

అమెరికాలో 1987లో ఏర్పడిన సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ కౌబాయ్ పోటీలు ఈ తూటాల మార్కెట్‌ను బాగా పెంచాయి. పోటీలో సీసం గుళ్లే వాడాలి, ఉక్కు పలకలు దగ్గరగా ఉంటాయి, గెలుపు గడియారం మీద. ఇక్కడ ఒక తమాషా ఉంది. అన్నిటికంటే బలహీనమైన తాళం ఉన్న 1873 మోడలే పోటీల్లో రాజ్యమేలుతోంది. జంట లింకుల నడక అంత మృదువు. ఇటలీలోని ఉబెర్టీ చేసే నకళ్లు కొని, లింకు పొడవులు మార్చే షార్ట్ స్ట్రోక్ కిట్ బిగిస్తే లీవర్ ప్రయాణం సగానికి దగ్గరగా తగ్గుతుంది.

ఎక్కడ ఇరుక్కుంటుంది, ఎందుకు

మొదటి తప్పు లీవర్‌ను మొహమాటంగా తిప్పడం. చివరి అంగుళం దాకా నొక్కకుండానే మూసేస్తే ఖాళీ తొడుగు బయటపడదు, లేదా క్యారియర్ పైకి లేవక కొత్త తూటా అందదు. ట్రిగ్గర్ నొక్కితే 'టిక్'మని ఊరుకుంటుంది. లీవర్ ఆగే చోటు దాకా గట్టిగా తెరిచి, అంతే గట్టిగా మూయాలి. మెల్లగా తిప్పితే తుపాకీ అరగదన్నది అపోహ.

రెండోది పాత మార్లిన్లలో వచ్చే ప్రసిద్ధమైన ఇరకాటం. లీవర్ మూసే సమయంలో దాని అంచు ఒకటి క్యారియర్ పక్కభాగాన్ని రాసుకుంటూ పోతుంది. ఆ అంచు పదునుగా ఉంటే ఏళ్ల తరబడి రాసి క్యారియర్ మీద చిన్న గాడి పడుతుంది. ఆ మేరకు క్యారియర్ ఎత్తు తగ్గుతుంది. దాంతో మ్యాగజైన్ నుంచి రెండో తూటా కూడా కొద్దిగా బయటికి వచ్చి క్యారియర్ కింద ఇరుక్కుంటుంది. లీవర్ పైకి రాదు, కిందికి పోదు. బలం ఉపయోగిస్తే ఇంకా బిగుస్తుంది. ముందు తుపాకీ మొనను క్షేమమైన దిక్కుకు తిప్పి, మ్యాగజైన్ గొట్టం చివరి మూత స్క్రూ తీసి (లోపల స్ప్రింగ్ ఒత్తిడితో ఎగిరి పడుతుంది, అరచేత్తో అదిమి పట్టాలి) తూటాల మీద ఒత్తిడి తగ్గించాలి. ఆ తర్వాతే లీవర్ సంగతి. శాశ్వత మరమ్మతుకు గన్‌స్మిత్ లీవర్ అంచును కొద్దిగా గుండ్రంగా రాకి, క్యారియర్ గాడిని వెల్డుతో నింపుతాడు.

మూడోది తూటా పొడవు. 1873 తరహాలో క్యారియర్ లిఫ్టులా నిలువుగా లేస్తుంది. తూటా పొడవు ఎక్కువైతే క్యారియర్ గూట్లో పూర్తిగా ఇమడదు. తక్కువైతే వెనకున్న తూటా గూట్లోకి తొంగి చూసి క్యారియర్‌ను అడ్డుకుంటుంది. ఇంట్లో తూటాలు నింపుకునే అలవాటున్న అమెరికన్లు కాలిపర్‌తో మొత్తం పొడవు కొలిచేది ఇందుకే. .357 కార్బైన్లలో పొట్టి .38 స్పెషల్ వాడ్‌కటర్లు (ముక్కు పూర్తిగా చదునుగా ఉండే తూటాలు) అన్నీ నడవకపోవడానికీ ఇదే కారణం.

శుభ్రం చేయడంలో మార్లిన్‌ది పైచేయి. లీవర్ స్క్రూ ఒక్కటి తీస్తే లీవర్, దాని వెంట బోల్ట్ వెనక్కి వచ్చేస్తాయి. బ్యారెల్‌ను వెనక నుంచే తుడవచ్చు. అప్పుడు ఎజెక్టర్ ముక్క జారి పడుతుంది, దాన్ని వెతికి దాని గాడిలో పెట్టకుండా బోల్ట్ ఎక్కించకూడదు. వించెస్టర్ 94ను విప్పడం సామాన్యుడి పని కాదు కాబట్టి ముందు నుంచే తుడుస్తారు. ఆ కడ్డీ బ్యారెల్ మొన అంచును రాసుకుంటే గురి చెడుతుంది, మొనకు ఒక గైడు తొడగాలి.

ప్రమాదానికి ఎక్కువ అవకాశం హ్యామర్ దింపేటప్పుడు. లీవర్ తిప్పగానే హ్యామర్ ఎక్కుపెట్టి ఉంటుంది. కాల్చకుండా ముందుకు నడవాలంటే మొన నేల వైపో క్షేమమైన దిక్కుకో ఉంచి, బొటనవేలితో హ్యామర్‌ను గట్టిగా పట్టి, ట్రిగ్గర్ నొక్కి, హ్యామర్ కదలగానే ట్రిగ్గర్ వదిలి, మెల్లగా హాఫ్ కాక్ గాడిలోకి (హ్యామర్‌ను సగంలో ఆపే గాడిలోకి) దించాలి. మంచులో తడిసిన చేతి తొడుగుతో బొటనవేలు జారితే తుపాకీ పేలుతుంది. కంపెనీలు తర్వాతి కాలంలో అడ్డ బటన్ సేఫ్టీ, టాంగ్ సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీటలు) చేర్చింది దీనికోసమే. పాత అభిమానులు వాటిని చూసి ముఖం చిట్లిస్తారు గానీ స్కోప్ కింద హ్యామర్‌కు వేలు అందనప్పుడు వాటి విలువ తెలుస్తుంది. ఇంకో మాట: గేటు నుంచి నింపే పాత నమూనాల్లో తూటాలు ఖాళీ చేయాలంటే ఒక్కొక్కదాన్ని ఛాంబర్‌లోకి ఎక్కించి తీయాలి. ఆ సమయంలో వేలు లీవర్ లూపులోనే ఉండాలి, ట్రిగ్గర్ మీద కాదు. నేటి హెన్రీ కంపెనీ రైఫిళ్లు చాలావాటిలో గొట్టం లోపలి భాగాన్ని ముందు నుంచి లాగి తూటాలన్నీ ఒంపేయవచ్చు.

చట్టాలు గీసిన గీతలు

2014 నుంచి అమ్మకాలకు ఊతమిచ్చింది చట్టాలే. ఒహాయో, మిషిగన్ దక్షిణ భాగం, అయోవా వంటి చదును వ్యవసాయ ప్రాంతాల్లో రైఫిల్ గుండు దూరం పోయి ఇళ్లకు తగులుతుందన్న భయంతో జింకల వేటకు ఎక్కువగా షాట్‌గన్ స్లగ్గులే (ఒక్క లావు గుండు ఉన్న తూటాలే) అనుమతించేవారు. 2014లో ఒహాయో, మిషిగన్, 2017లో అయోవా నేరుగా ఉన్న తొడుగు తూటాలను, అంటే మెడ దగ్గర సన్నబడని వాటిని, అనుమతించాయి. ఇవి త్వరగా వేగం కోల్పోతాయి. .357, .44 మ్యాగ్నమ్ లీవర్ కార్బైన్లు ఒక్కసారిగా చట్టబద్ధమైన జింక రైఫిళ్లయ్యాయి. .30-30కి మెడ ఉంది కాబట్టి దానికి చోటు దొరకలేదు. మిషిగన్‌లో తొడుగు పొడవు 1.80 అంగుళాలు మించకూడదన్నారు కాబట్టి .45-70కీ దొరకలేదు. ఈ ఖాళీని చూసి రెమింగ్టన్ .30-30 తొడుగునే మెడ లేకుండా సాగదీసి, సరిగ్గా 1.80 అంగుళాలకు కత్తిరించి, 2023లో .360 బక్‌హామర్ తెచ్చింది. దానికి మొదట రైఫిల్ చేసింది హెన్రీ. చట్టంలోని ఒక కొలత కోసమే పుట్టిన తూటా ఇది.

కాలిఫోర్నియా 10 తూటాల మ్యాగజైన్ పరిమితి నుంచి లీవర్ రైఫిల్ గొట్టాన్ని మినహాయించింది. అసాల్ట్ తుపాకుల మీద 1994 నాటి పదేళ్ల కేంద్ర నిషేధ చట్టమూ చేత్తో నడిపే తుపాకులను వదిలేసింది. బ్రిటన్ 1988లో .22 రిమ్‌ఫైర్ మినహా సెమీ ఆటో రైఫిళ్లను, 1997లో పిస్టళ్లను నిషేధించింది. పిస్టళ్లు పోయిన క్లబ్బు సభ్యులు .38/.357 లీవర్ కార్బైన్లతో గ్యాలరీ రైఫిల్ పోటీలకు మళ్లారు. ఆస్ట్రేలియాలో 1996 పోర్ట్ ఆర్థర్ కాల్పుల తర్వాత కూడా లీవర్ రైఫిళ్లు సాధారణ లైసెన్సు పరిధిలోనే మిగిలాయి. అయితే 7 తూటాల అడ్లర్ లీవర్ షాట్‌గన్ దిగుమతి మీద రగడ మొదలై, 2016 డిసెంబరులో ఐదుకు మించి తూటాలు పట్టే లీవర్ షాట్‌గన్లను కఠినమైన 'డి' తరగతిలోకి నెట్టారు. లీవర్ అయినంత మాత్రాన ఎప్పటికీ మినహాయింపు దొరుకుతుందని చెప్పలేమనడానికి అదొక ఉదాహరణ.

తెలుగువారికి సంబంధించిన లెక్క

భారత్‌లో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చాక వేట ముగిసింది. పంటలు పాడుచేసే అడవిపందుల్ని కాల్చాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా అధికారం పొందిన అధికారి అనుమతి కావాలి. 1980ల మధ్య నుంచి సామాన్య లైసెన్సుదారులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు చేసే .315 రైఫిల్ బోల్ట్ యాక్షనే. ఒలింపిక్ పద్ధతి పోటీల్లో లీవర్‌కు విభాగం లేదు. కాబట్టి ఎక్కడైనా కనబడితే అది తాతల నాటి లైసెన్సు మీద సంక్రమించినదే. తూటాలు దొరకడం గగనం. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ఒక్కొక్కరికి మూడు తుపాకుల హద్దును రెండుకు తగ్గించడంతో, వారసత్వంగా వచ్చినదాన్ని ఉంచుకోవాలా అప్పగించాలా అన్న ప్రశ్న కొన్ని కుటుంబాలకు ఎదురైంది.

అమెరికాలో ఉన్న తెలుగువారికి చిక్కు వేరు. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవారు తుపాకీ కొనడం, దగ్గర పెట్టుకోవడం కేంద్ర చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు వర్తిస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ అడ్డంకి లేదు. స్నేహితుడి తుపాకీని కాసేపు రేంజిలో పట్టుకోవడం కూడా 'దగ్గర పెట్టుకోవడం' కిందికి రావచ్చు. లీవర్ రైఫిల్ పాతకాలపుది కదా అన్న వాదన అక్కడ చెల్లదు.

తయారీ పరీక్ష

లీవర్ రైఫిల్‌ను బాగా చేయడం ఖర్చుతో కూడిన పని. చిన్న చిన్న భాగాలు ఎక్కువ, ఒకదానికొకటి సరిపెట్టే చేతిపని ఎక్కువ. ఖర్చు తగ్గించాలని 1964లో వించెస్టర్ 94 క్యారియర్‌ను రేకుతో అచ్చుకొట్టింది, బోలు పిన్నులు వాడింది. ఆ తుపాకులు పనిచేశాయి గానీ పేరు పోయింది. '64కు ముందుది' అన్న మాట పాత తుపాకుల ధరకు కొలమానంగా స్థిరపడింది. న్యూ హేవెన్ ఫ్యాక్టరీ 2006లో మూతపడ్డాక ఇప్పుడు ఆ 94లు జపాన్‌లోని మిరోకులో తయారవుతున్నాయి. రెమింగ్టన్ 2007లో మార్లిన్‌ను కొని, 2011లో నార్త్ హేవెన్ ప్లాంటు మూసి యంత్రాలు తరలించినప్పుడూ ఇదే జరిగింది. అరిగిన యంత్రాల గుట్టు తెలిసిన పాత పనివారు వెంట రాలేదు. సైట్లు వంకరగా, చెక్క వదులుగా ఉన్న తుపాకుల మీద ఫిర్యాదులు వెల్లువెత్తాయి. రూగర్ పాత యంత్రాలను నమ్ముకోకుండా కంప్యూటర్ నియంత్రిత మిల్లింగ్‌కు అనుగుణంగా డ్రాయింగులు తిరిగి గీయించి, ఒక్కో మోడల్‌నూ మెల్లగా తెచ్చింది.

కొత్త నమూనాల్లో మొనకు మర పెట్టిన బ్యారెల్, స్కోప్ రైలు, పాలిమర్ బట్ మామూలయ్యాయి. అమెరికాలో సైలెన్సర్ మీద 200 డాలర్ల కేంద్ర పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా కావడంతో మర ఉన్న బ్యారెళ్లకు గిరాకీ ఇంకా పెరిగే అవకాశం ఉంది. అయితే వాటికి సైలెన్సర్ బిగించే ముందు ఒకటి చూసుకోవాలి. మ్యాగజైన్ గొట్టం బ్యారెల్ మొన దాకా వచ్చే నమూనాల్లో లావుపాటి సైలెన్సర్ గొట్టం మూతకు తగులుతుంది. ముందు నుంచి గొట్టం లాగి తూటాలు నింపే రకమైతే సైలెన్సర్ విప్పనిదే తుపాకీ నిండదు. పక్క గేటు ఉన్న మోడల్ ఎంచుకుంటే ఆ బాధ ఉండదు.